చాటుమాటలు: చెన్నై తెలుగులో సరసపు సంకేతాలు

చూపులు కలిసింది మొదలు పడకగది తలుపు మూసుకునే దాకా, ఆపైన కడుపు పండే దాకా, ఒక్కో మెట్టునూ నేరుగా చెప్పకుండా వేరే మాట వెనక దాచి చెప్పే పలుకుబళ్ళను చాటుమాటలు అనవచ్చు. ఇవి తెలుగునాట అంతటా ఉన్నా చెన్నై తెలుగువాళ్ళ నోట మరీ చిక్కగా వినబడతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు నడిచే ఊరు అది. సొంత భాషలో నోట రాని మాట పక్క భాషలో తేలిగ్గా వచ్చేస్తుంది.

అలంకార శాస్త్రం మన్మథావస్థలు పది అని లెక్క చెప్పింది. చూపు తగలడంతో మొదలై మనసు చిక్కుకోవడం, నిద్ర పట్టకపోవడం, మనిషి చిక్కిపోవడం, సిగ్గు విడవడం, ఉన్మాదం, మూర్ఛ, చివరికి మరణం దాకా ఆ వరస సాగుతుంది. అంటే శాస్త్రం లెక్కపెట్టింది విరహాన్ని. వీధి భాష దగ్గరవడాన్ని లెక్కపెడుతుంది. అమెరికా కుర్రకారు ఇందుకు బేస్‌బాల్ మైదానాన్ని వాడుకుని ముద్దు ఫస్ట్ బేస్ అనీ, ఆపై వాటిని సెకండ్, థర్డ్ అనీ అంటారు. ఆ ఆట మనది కాదు గనక ఆ మాటలూ మనకు అంటలేదు. క్రికెట్ నుంచి మాత్రం "వాడి వికెట్ పడింది" అనేది వచ్చింది. ప్రేమలో పడినా, పెళ్ళి కుదిరినా అదే మాట.

మొదటి మెట్టు చూపు. తమిళంలో దీన్ని "సైట్ అడిక్కిరదు" అంటారు. అడి అంటే కొట్టు కాబట్టి తెలుగులో "సైట్ కొట్టడం" అయింది. కన్ను కొట్టడం, ఈల కొట్టడం మనకు ముందే ఉన్నాయి గనక ఈ కొత్త కొట్టుడు ఇట్టే అతికిపోయింది. "లైన్ వేయడం" అంతకంటే ఒక అడుగు ముందు మాట. అక్కడ చూపు ఒక్కటే చాలదు, వెంట తిరగడం కూడా ఉండాలి.

రెండో మెట్టు కబుర్లు. ఈ సంగతిలో రెండు భాషలూ వంటింటినే ఆశ్రయించాయి. అబ్బాయీ అమ్మాయీ పనిలేని మాటలు గంటల తరబడి చెప్పుకుంటుంటే చెన్నై కాలేజీల్లో "కడలై వేస్తున్నారు", "కడలై వేయిస్తున్నారు" అంటారు. కడలై అంటే ఇక్కడ వేరుసెనగ. మెరీనా బీచ్‌లో బండి దగ్గర కాసేపు నిలబడితే ఈ పోలిక ఎంత సరైనదో తెలుస్తుంది. ఇనప మూకుడులో ఇసుక కాగుతుంటుంది, అందులో గింజలు వేగుతుంటాయి. గరిటె ఆగకూడదు, ఆగితే గింజ మాడుతుంది. మంట పెంచకూడదు, పెంచితే పైన నల్లబడి లోపల పచ్చిగా మిగులుతుంది. బండివాడు తిప్పుతూనే ఉండి, మధ్యమధ్య గరిటెతో మూకుడు అంచు మీద టంగుమని కొడతాడు. పొట్లం చేతికొచ్చాక ఒక్కో గింజా పొట్టు ఊదుకుంటూ తింటే ఎంతసేపటికీ తరగదు. ఆకలీ తీరదు, ఆపబుద్ధీ కాదు. ఆ కబుర్లూ అంతే.

తెలుగు కుర్రకారు ఇదే పనిని "పులిహోర కలపడం" అంటున్నారు. సినిమాలూ ఫోన్లూ ఈ మాటను ఊరూరికీ మోశాయి. ఇది కూడా చూసి పుట్టిన పోలికే. అన్నం పొడిపొడిగా వార్చి, పళ్ళెంలో ఆరబోసి, పసుపూ నూనే పట్టించి, ఉడికించిన చింతపండు గుజ్జు వేసి, పోపు పెట్టి, మెతుకు చిదగకుండా వేళ్ళతో అడుగు నుంచి పైకి తెస్తూ కలపాలి. తొందరపడితే ముద్దయిపోతుంది. హాస్టల్ వరండాలో పెద్దవాడు అడుగుతాడు, "ఏరా, గంట నుంచీ ఫోన్లో పులిహోరేనా?" చిన్నవాడు "లేదన్నా, ప్రాజెక్టు గురించి" అంటాడు. ఎదుటివాణ్ణి నొప్పించకుండా గుట్టు బయటపెట్టే ఇలాంటి మాట ఒక భాషకు దొరకడం అదృష్టమే.

మూడో మెట్టు తాకడం. చెన్నై వీధి తమిళాన్ని మద్రాసు బాషై అంటారు. నాన్నను పిలిచే "నైనా" లాంటి తెలుగు మాటలు అందులో కలిసే ఉన్నాయి. ఆ బాషైలో చాటు సరసానికి "గిల్మా" అని పేరు. "కసముసా", "సిల్మిషం" కూడా ఈ కోవవే. "మేటర్" అనే ఇంగ్లీషు మాట రెండు భాషల్లోనూ అసలు కార్యానికే గుర్తయి కూర్చుంది. తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు మాత్రం సరసం, చిలిపితనం దగ్గరే ఆగుతారు.

ఇక్కడ ఒక హద్దు గీయక తప్పదు. ఇద్దరికీ ఇష్టమైనదాన్ని కప్పే మాట వేరు, ఒకరి బాధను కప్పే మాట వేరు. వేధింపును ఆటగా చూపించిన "ఈవ్ టీజింగ్" ఈ రెండో రకం. 1998లో చెన్నైలో వేధింపుల కారణంగా ఒక కాలేజీ విద్యార్థిని చనిపోయాక తమిళనాడు ప్రభుత్వం చట్టం తెచ్చింది. మొదట ఆ చట్టం పేరులోనూ ఈవ్ టీజింగే ఉండేది. తర్వాత దాన్ని తీసేసి మహిళల వేధింపు అని సూటిగా రాశారు. చాటుమాటను చెరిపేసి అసలు మాట రాయడం ఎక్కడ అవసరమో ఈ ఊరు ఇంత ఖరీదు చెల్లించి నేర్చుకుంది.

నాలుగో మెట్టుకు ఉన్నన్ని పేర్లు మరి దేనికీ లేవు. గర్భాధానం, నిషేకం, పునస్సంధానం శాస్త్రం పేర్లు. శోభనం, కార్యం, మూడు నిద్రలు ఇంటి పేర్లు. తమిళులది శాంతి ముహూర్తం. ఇన్ని పేర్లు రావడానికి కారణం బాల్యవివాహాల కాలంలో ఉంది. అప్పట్లో పెళ్ళి ఒక రోజు, కార్యం ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంకో రోజు. మధ్యలో పిల్ల "పెద్దమనిషి కావడం", ఆపైన "కాపురానికి పంపడం". ఒక్కోదానికీ ముహూర్తం, పిలుపులు, బంధువులు. పదిమంది ముందు పలకాల్సిన మాట గనక పలకదగ్గ పేరు కావాల్సి వచ్చింది. పెళ్ళికి ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్న శారదా చట్టం 1929లో వచ్చింది. ఆ ఎడం తగ్గుతూ వచ్చినా మాటలు నిలిచాయి.

ఈ రాత్రి గురించి చాటు లేకుండా రాసిన తెలుగు కావ్యానికీ మద్రాసుకూ గట్టి ముడి ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలోని ముద్దుపళని రాసిన "రాధికాసాంత్వనము"లో కృష్ణుడి కొత్త పెళ్ళికూతురు ఇళాదేవిని తొలిరాత్రికి సిద్ధం చేసేది స్వయంగా రాధే. ఏం చేయాలో ఇళకూ చెబుతుంది, ఎలా మెలగాలో కృష్ణుడికీ చెబుతుంది. బెంగుళూరు నాగరత్నమ్మ ఈ కావ్యాన్ని పరిష్కరించగా 1910లో మద్రాసులో వావిళ్ళవారు అచ్చువేశారు. కందుకూరి వీరేశలింగం అంతకుముందే ఈ కవయిత్రి రచనను గర్హించి ఉన్నారు. అశ్లీలమన్న ఫిర్యాదుల మీద ప్రభుత్వం ప్రతులను పట్టుకుంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉండగా నిషేధం తొలగింది, 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చువేశారు. మగకవుల ప్రబంధాల్లో ఇంతకు మించిన వర్ణనలే ఉన్నాయి. ఒక స్త్రీ సంకేతాలు వదిలి సూటిగా మాట్లాడటమే ఇక్కడ నేరమైందని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం. అదే ఊళ్ళో, జార్జిటౌన్‌లోని తన ఇంట వీణ ధనమ్మాళ్ క్షేత్రయ్య పదాలూ, తెలుగు జావళులూ పాడితే రసికులు ఊపిరి బిగబట్టి విన్నారు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి పేరు చాటున నాయిక ఎంత మాటైనా అనగలిగింది.

తెలుగు సినిమా దశాబ్దాల పాటు కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లోనే తయారైంది. సెన్సారు కత్తెర పైన ఉండేది. అందుకని రెండు పూలు ఒకదాన్నొకటి తాకేవి, దీపం ఆరేది, పాలగ్లాసుతో పెళ్ళికూతురు గడప దాటేది. తెరమీద పాలగ్లాసు కనబడితే చాలు, తక్కిన కథ హాలంతటికీ తెలిసిపోయేది. దర్శకుడు కె. రాఘవేంద్రరావు సినిమా పాటల్లో పూలకు పళ్ళూ తోడయ్యాయి. పాటలు రాసే ఆత్రేయను తోటివాళ్ళు "బూత్రేయ" అని ఆటపట్టించేవారు. మనసు కవిగా పేరొందినదీ ఆయనే.

ఆఖరి మెట్టు ఫలితం. "ఏమైనా విశేషమా?" అని కొత్త కోడల్ని అడగడం తెలుగింటా తమిళింటా ఒక్కటే. జవాబు దగ్గరే దారులు వేరవుతాయి. తెలుగులో "నెల తప్పింది", "ఉత్త మనిషి కాదు", "నీళ్ళోసుకుంది" అంటారు. తమిళంలో "ముళుగామ ఇరుక్కా", అంటే తలమునిగేలా స్నానం చేయకుండా ఉంది అంటారు. నెలసరి స్నానం రాలేదని అందులోని లెక్క. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండిళ్ళలో ఒకే కబురు. ఒక ఇంట్లో కోడలు నీళ్ళు పోసుకున్నందుకు స్వీట్లు పంచుతారు, రెండో ఇంట్లో పోసుకోనందుకు.