గ్రామఫోను ప్లేటు – జ్ఞాపకార్థమైన రాయి



మన ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములలోను, కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలోను కొన్ని పాత యిండ్ల అటకలమీద ఇంకను గ్రామఫోను ప్లేట్లు కనబడుచుండును. వాటిని మ్రోగించు పెట్టె పోయి చాలకాలమైనది. ప్లేటు మాత్రము పాత చీరగుడ్డలో చుట్టబడి భద్రముగా నున్నది. ఆ పాటను నేడు చేతిలోని ఫోనులో ఇంతకంటె తేటగా వినవచ్చును. అయినను దానిని పారవేయుటకు ఇంటివారికి మనసొప్పదు. ఇది వట్టి మమకారమా? లేక దీనియందు మనము నేర్చుకొనవలసిన దేమైన గలదా?

1877లో అమెరికా దేశమున ఎడిసన్ అను నతడు మనుష్యుని స్వరమును పట్టి మరల వినిపించు యంత్రమును కనిపెట్టెను. దానివలన కలుగు ఉపయోగములను గూర్చి మరుసటి సంవత్సరము ఒక పత్రికలో వ్రాయుచు, కుటుంబములోనివారి మాటలను, మరణశయ్యమీద నున్నవారి కడపటి పలుకులను దాచుకొనుటను కూడ వాటిలో చేర్చెను. 1887లో ఎమిల్ బెర్లినర్ పళ్లెమువంటి ప్లేటును ఏర్పరచెను. 1902 నవంబరులో గైస్‌బర్గ్ అను నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ అను గాయకురాలి పాటలను పట్టెను. ఆ దినములలో ప్లేట్లు జర్మనీలోని హానోవరు పట్టణమున అచ్చగుచుండెను. అచ్చటివారికి పాడినది ఎవరో తెలియుటకై ఆమె పాట ముగియగానే తన పేరు తానే పలికెడిది. 1908లో కలకత్తాలోనే ప్లేట్ల కర్మాగారము వెలసెను.

ఆ ప్లేటు దేనితో చేయబడినది? మోదుగ, రేగు మొదలైన చెట్లమీద చిన్న పురుగులు విడుచు లక్కతో, రాతిపొడితో, మసితో. పది అంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక్కొక్క వైపున ఇంచుమించు మూడు నిమిషముల పాట యుండును. చేయి జారినచో కుండపెంకువలె పగులును. ఉక్కు ముల్లు తిరిగిన ప్రతిసారియు గాడి కొంత అరుగును. 1948లో అమెరికాలో వచ్చిన వినైలు ప్లేటు తేలికైనది, ఎక్కువసేపు పాడునది; అయినను అదియు గీతలు పడునదే, ఎండకు వంగునదే. కాబట్టి ఇంటిలో మిక్కిలి అరిగిన ప్లేటు ఏదో, మిక్కిలి ప్రేమింపబడినది అదియే. అంగడివాడు దానికి వెల కట్టడు. ఇంటివారికి మాత్రము ఆ గరగర శబ్దమే తండ్రి సాయంకాలములను జ్ఞాపకము చేయును.

1900లో గోదావరిమీద రైలు వంతెన తెరువబడినది మొదలు కలకత్తా మద్రాసు నగరముల సరకు ఈ దారిని సాగుచుండెను. తాడేపల్లిగూడెము, ఏలూరు స్టేషనులు ఆ మార్గములోనివే. నాటక పద్యములును, భక్తి గీతములును ప్లేట్లమీద పల్లెలకు చేరెను. క్రైస్తవ గృహమున పుట్టిన గుఱ్ఱం జాషువా కవి శ్మశానమును గూర్చి వ్రాసిన పద్యములు హరిశ్చంద్ర నాటకములో చేరి, అక్షరము రానివారి నోటను నిలిచినవి. అయితే బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలో పడు ఈ పల్లపు దేశములో వస్తువు నిలుచుట కష్టము. వరదనీరు ఇంటిలోనికి వచ్చినప్పుడు మొదట పిల్లలను, పిమ్మట పశువులను, ధాన్యమును కాపాడుకొందురు. పాటల ప్లేటు వంతు కడపటిది.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు యెహోషువ పండ్రెండు రాళ్లను నదిలోనుండి తెప్పించి గిల్గాలులో నిలువబెట్టించెను. ఆ రాళ్లకు నోరు లేదు. పిల్లలు చూచి అడుగవలెను, తండ్రులు చెప్పవలెను. అందుకొరకే అవి నిలుపబడినవి. ప్లేటును గూర్చియు నేను చెప్పునది ఇదియే. వేయి ప్లేట్లు కూర్చి వాటి లెక్కను మాత్రము చెప్పువాడు లక్కను కూర్చినవాడు. ఒకే ప్లేటును దాచి, అది ఎవరిదో, ఏ దుఃఖములో ఓదార్చెనో మనుమలకు చెప్పు విధవరాలు సాక్ష్యమును కూర్చినది.

మరి మన సంఘముల స్వరము ఎక్కడ? హోండురాసులో పరిచర్య చేసి, రోగియై తిరిగివచ్చిన జాయ్ రిడర్‌హాఫ్ అను సహోదరి 1939లో లాస్ ఏంజిల్సులో సువార్త ప్లేట్ల పనికి పూనుకొనెను. తరువాత ఆ పనివారు చిన్న చిన్న భాషలవారి యొద్దకు వెళ్లి వారి స్వరములలోనే వర్తమానమును పట్టిరి. మన పురుషోత్తము చౌధరిగారు 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిరి. ఎడిసన్ యంత్రము పుట్టునప్పటికి ఆయన సజీవులే. ఆయన కీర్తనలు నేటికిని పాడుచున్నాము. ఆయన కంఠము మాత్రము మనకు దక్కలేదు. 1854 మొదలు ఏలూరులో మిషను పని సాగినది. కాలువగట్లవెంబడి నడచిన ఉపదేశులను, ఇల్లిల్లు తిరిగిన బైబిలు స్త్రీలను ఏ కంపెనీయు ప్లేటు ఎక్కించలేదు. వారి స్వరము దేవుడెరుగును, మనము పోగొట్టుకొంటిమి.

సహోదరులారా, ఎనుబది యేండ్ల వృద్ధురాలు పాత రాగములో కీర్తన పాడగలిగి ఇంకను మన మధ్య నున్నది. స్వరము పట్టు యంత్రము ఇప్పుడు ప్రతి యింట నున్నది. ఈ నెలలోనే ఆమె యొద్దకు వెళ్లి కూర్చుండుడి. ఆమె పాడిన పిమ్మట, గౌహర్ జాన్ చేసినట్లు, ఆమె పేరును ఊరి పేరును ఆమె నోటనే పలికించుడి. తరువాత ఆ పాట ఆమెకు ఎవరు నేర్పిరో అడుగుడి. ఆ జవాబును మీ పిల్లలు వినునట్లు చేయుడి.