ఇంక్‌జెట్ ముద్రణలో నలుపు-తెలుపు ఛాయాచిత్రం



మీ ఇంటి గోడమీద తాతగారి పాత నలుపు-తెలుపు ఫొటో ఉంటే ఒకసారి దగ్గరగా చూడండి. నుదుటి తెలుపు నుంచి కోటు నలుపు వరకు ఛాయలు ఎక్కడా తెగకుండా సాగుతాయి. ఆ ఛాయలను కాగితంపై నిలిపినవి సూక్ష్మమైన వెండి రేణువులు. అదే ఫొటోను స్కాన్ చేసి ఇంక్‌జెట్ ప్రింటరులో ముద్రిస్తే, ముఖం మీద ఒక్కోసారి ఆకుపచ్చ జీర, గులాబి జీర కనిపిస్తుంది. ఎందుకని?

ఇంక్‌జెట్ ప్రింటరు సిరాను సన్నని బిందువులుగా చల్లుతుంది. నల్ల బిందువులను దూరదూరంగా వేస్తే మన కంటికి బూడిద రంగుగా తోస్తుంది. కాని లేత ఛాయలలో చుక్కలు విడిగా కనబడి చర్మం గరుకుగా కనిపిస్తుంది. అందుకని ప్రింటర్లు సయాన్, మెజెంటా, పసుపు సిరాలను కూడా కలిపి బూడిద రంగును సాధించేవి. పాళ్ళు కొద్దిగా తప్పినా జీర వస్తుంది. పైగా మూడు సిరాలూ ఒకే వేగంతో వెలిసిపోవు. కనుక ఏళ్ళు గడిచేకొద్దీ ఆ జీర పెరుగుతుంది.

ఈ సమస్యకు పరిష్కారం దశలవారీగా వచ్చింది. గాయకుడు గ్రాహం నాష్ తాను తీసిన నలుపు-తెలుపు చిత్రాల నెగెటివ్‌లను చాలావరకు పోగొట్టుకున్నారు. మిగిలిన చిన్న ప్రతులను పెద్దవిగా ముద్రించడానికి, అచ్చు పరిశ్రమలో ప్రూఫులు తీసే ఐరిస్ ఇంక్‌జెట్ యంత్రాన్ని ఉపయోగించారు. 1991లో కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ ప్రారంభమైంది. అయితే ఆనాటి సిరాలు త్వరగా వెలిసిపోయేవి.

2000లో అమెరికాకు చెందిన ముద్రాపకుడు జాన్ కోన్ పీజోగ్రఫీ పద్ధతిని ప్రవేశపెట్టారు. ఎప్సన్ ప్రింటరులోని రంగు సిరాలను తీసివేసి, వాటి స్థానంలో నాలుగు వేర్వేరు సాంద్రతల నల్ల సిరాలను నింపడమే ఇందులోని కీలకం. నలుపునిచ్చే కర్బన రేణువులు వెలుతురును బాగా తట్టుకుంటాయి. తాళపత్రాల మీద గంటంతో గీసిన అక్షరాలకు మన పూర్వులు పూసిన మసి కూడా కర్బనమే కదా!

సిరా మార్చితే చాలదు; ఏ సిరా ఎక్కడ, ఎంత పడాలో చెప్పే సాఫ్ట్‌వేర్ కావాలి. అటువంటిదే రాయ్ హారింగ్టన్ రూపొందించిన క్వాడ్‌టోన్ రిప్. దీనిని అమర్చుకునే క్రమం ఇది. మొదట సిరా పరిమితిని నిర్ణయించాలి. ఒక హద్దు దాటితే కాగితం తడుస్తుందే గాని నలుపు పెరగదు. తరువాత లేత సిరాను వెలుగు భాగాలకు, ముదురు సిరాను నీడలకు కేటాయించాలి. చివరగా 21 మెట్ల బూడిద పట్టీని ముద్రించి, ఆరనిచ్చి, ప్రతి మెట్టు సాంద్రతను పరికరంతో కొలవాలి. ఆ కొలతలను బట్టి సాఫ్ట్‌వేర్ మెట్ల మధ్య తేడాలను సమానం చేస్తుంది. కాగితం మారితే కొలత మళ్ళీ మొదలు!

2005లో ఎప్సన్ సంస్థ మూడు సాంద్రతల నల్ల సిరాలున్న కే3 శ్రేణిని, దానితోపాటు ప్రత్యేక నలుపు-తెలుపు ముద్రణ విధానాన్ని తెచ్చింది. దాంతో ఈ సౌకర్యం సామాన్య వినియోగదారునికీ చేరువైంది.

మీరూ ఒక చిన్న ప్రయోగం చేయండి. తెలుపు నుంచి నలుపు వరకు 11 మెట్ల పట్టీని కంప్యూటరులో గీసి ముద్రించండి. ఏ రెండు మెట్లు కలిసిపోయాయో చూడండి. ఆ మెట్లు కలిసిన చోటే తాతగారి కోటు మడతలో, కళ్ళ కింది నీడలో ఒక వివరం శాశ్వతంగా మాయమవుతుంది. కొలిచి ముద్రిస్తే అది తరువాతి తరానికీ మిగులుతుంది.