గవిని వెలుపట: హాలే పట్టణపు రానిష్ ద్వారము

తెలుగు క్రైస్తవ సాహిత్య చరిత్ర చెప్పేటప్పుడు జర్మనీలోని హాలే పట్టణాన్ని మనం తప్పక తలచుకుంటాము. మద్రాసులో సేవ చేసిన బెంజమిన్ షుల్జ్ 1743లో తిరిగి వెళ్లి, 1746 మొదలుకొని తెలుగు పుస్తకాలు అచ్చు వేయించినది అక్కడే. అయితే ఆయన వంటి మిషనరీలను సిద్ధపరచిన సేవాసంస్థలు హాలే పట్టణములో పుట్టలేదు. దాని రానిష్ ద్వారానికి వెలుపల పుట్టాయి. ఆ ద్వారము నేడు లేదు. దానితోపాటు చరిత్రలో ఏమి మరుగున పడిందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

మధ్యయుగపు జర్మన్ పట్టణాల్లో ద్వారమంటే కేవలం దారి కాదు. అక్కడ సుంకం వసూలు చేసేవారు. రాత్రివేళ తలుపులు మూసేవారు. పౌరహక్కు, వృత్తిసంఘాల రక్షణ ప్రాకారము లోపలివారికే ఉండేవి. రానిష్ ద్వారము దాటితే గ్లౌఖా అనే వేరొక చిన్న ఊరు. 1680ల ఆరంభంలో వచ్చిన ప్లేగు అక్కడ ఎందరినో పొట్టన పెట్టుకుంది. మిగిలిన ఊరు మద్యశాలలకూ పేదరికానికీ పేరుపడింది.

1692లో ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే గ్లౌఖా సంఘానికి కాపరిగా వచ్చారు. 1695లో కానుకపెట్టెలో దొరికిన 4 తాలర్ల 16 గ్రోషెన్లతో పేదపిల్లలకు బడి ప్రారంభించారు. 1698 జూలైలో ద్వారానికి ఎదురుగా అనాథశాల భవనానికి పునాదిరాయి పడింది. క్రమేణా పాఠశాలలు, మందుల తయారీశాల, ముద్రణాలయము వెలిశాయి. ట్రాంకెబార్ మిషనరీల నివేదికలు 1710 నుండి వెలువడినది ఇక్కడినుండే.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చెప్పవలసి ఉంది. ద్వారము వెలుపల ఉండటమంటే అధికారానికి దూరంగా ఉండటమని అర్థం కాదు. 1698లోనే బ్రాండెన్‌బర్గ్ పాలకుడు మూడవ ఫ్రెడరిక్ ఈ సంస్థలకు ప్రత్యేక హక్కులిచ్చాడు. రాజాశ్రయం లేకుండా అవి అంతగా ఎదిగేవని మేము చెప్పలేము. కాని ఆశ్రయం వచ్చినది బడి మొదలైన తరువాతనే.

1817లో గ్లౌఖా హాలేలో విలీనమయింది. 19వ శతాబ్దంలో ప్రాకారాలతోపాటు ద్వారాలు కూడా తొలగిపోయాయి. తూర్పువైపున లైప్‌జిగ్ గోపురము మాత్రం నేటికీ నిలిచి ఉంది. రానిష్ ద్వారానికి మిగిలినది రానిష్ వీధి పేరు మాత్రమే. ఆ వీధి నేడు ఫ్రాంకే పేరుగల కూడలికి చేరుతుంది. అడ్డు తొలగింది, మంచిదే. అయితే లోపలివారెవరో వెలుపలివారెవరో చూపించే గుర్తు కూడా పోయింది. అందుకే మన పుస్తకాలు "హాలే" అని మాత్రమే చెబుతున్నాయి. గ్లౌఖా పేరు ఎత్తవు.

యేసు గవిని వెలుపల శ్రమపడిన సంగతిని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము ప్రత్యేకంగా పేర్కొంటుంది. స్థలము కూడా సాక్ష్యములో భాగమే. మన సంఘాలలో ఎన్నో ఊరి వెలుపలి పేటలలో మొదలైనవే. ఊరు పెరిగి పేటను కలుపుకున్నాక అది కూడా "ఊరి సంఘము" అనిపించుకుంటుంది. కనుక స్థానిక సంఘ చరిత్ర వ్రాయబూనిన సేవకులు, విద్యార్థులు సంవత్సరము, స్థాపకుని పేరు వ్రాసి ఊరుకోరాదు. నాటి పొలిమేర ఎక్కడ ఉండేదో, మొదటి కూడిక దానికి ఏ వైపున జరిగిందో వృద్ధులు జీవించి ఉండగానే అడిగి వ్రాసిపెట్టాలని మా మనవి.