సముద్రంలో మునిగిన సొమ్ము ఎవరిది?

పుష్కరాల రేవులో ముక్కుపుడక జారిపోతే “గంగమ్మ తీసుకుంది” అనుకుని దణ్ణం పెట్టి వచ్చేస్తాం. మరి రెండువందల ఏళ్ళ తర్వాత ఎవరో ఈతగాడు దాన్ని పైకి తీశాడనుకోండి. అది తీసినవాడిదా, పోగొట్టుకున్నావిడ మునిమనవరాలిదా, ప్రభుత్వానిదా? నవ్వులాటగా వుంది కదూ! కాని ఇదే ప్రశ్న మీద అమెరికా కోర్టుల్లో దాదాపు అయిదేళ్ళు వ్యాజ్యం నడిచింది. అక్కడ పోయింది ముక్కుపుడక కాదు లెండి, 17 టన్నుల నాణేలు.

ఆ కథ 1804 నాటిది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం అప్పుడు స్పెయిన్ రాజుల ఏలుబడిలో వుండేది. అక్కడి గనుల్లో తవ్విన వెండిని లిమా నగరంలోని టంకశాలలో నాణేలుగా పోసి, ఓడల మీద స్పెయిన్‌కు చేరవేసేవారు. అలా బయలుదేరిన యుద్ధనౌక పేరు “మెర్సెడెస్”. దాంట్లో రాజుగారి సొమ్ము కొంత, వర్తకుల సొమ్ము అంతకంటె ఎక్కువ. ఉద్యోగాలు ముగించుకుని స్వదేశం వెళ్ళే కుటుంబాలు కూడా ఎక్కాయి.

మరి మూడు నౌకలతో కలిసి అది అక్టోబరు 5వ తేదీన పోర్చుగల్ దక్షిణ తీరం దగ్గరకు వచ్చేసరికి నాలుగు ఇంగ్లీషు యుద్ధనౌకలు అడ్డగించాయి. చిత్రమేమంటే ఆ రోజుకి ఆ రెండు దేశాలకూ యుద్ధమే లేదు. ఈ ధనం ఫ్రాన్సులో నెపోలియన్‌కు చేరుతుందని ఇంగ్లీషువారి భయం. మాతో రండి అన్నారు వాళ్ళు, రామన్నారు వీళ్ళు. ఫిరంగులు పేలాయి. కాసేపటికే మెర్సెడెస్‌లోని మందుగుండు అంటుకుని ఓడ బద్దలైంది. 250 మందికి పైగా చనిపోయారు.

డీగో దె ఆల్వెయార్ అనే నౌకాధికారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన భార్యాబిడ్డలతో స్పెయిన్ వెళ్తున్నాడు. దారిలో పై అధికారి ఒకరు జబ్బుపడగా, ఆ బాధ్యత ఈయనకు అప్పగించి వేరే నౌకకు మార్చారు. కొడుకు కార్లోస్‌ను మాత్రం తన వెంట తీసుకెళ్ళాడు. పద్నాలుగేళ్ళ ఆ పిల్లవాడూ, తండ్రీ అవతలి నౌక మీద నిలబడి చూస్తుండగానే తల్లీ, తోబుట్టువులూ వున్న ఓడ పేలిపోయింది. ఆ కార్లోసే తరువాత అర్జెంటీనా చరిత్రలో పెద్ద నాయకుడయ్యాడు. ఇంగ్లండు ప్రభుత్వం ఆ తండ్రికి తరువాత నష్టపరిహారం ఇచ్చింది. ఇలాంటి నష్టానికి పరిహారం ఏ లెక్కన కట్టారో ఆ దొరలకే తెలియాలి!

సరే, రెండు శతాబ్దాలు గడిచాయి. 2007 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒడిస్సీ అనే కంపెనీ, అట్లాంటిక్ అడుగున మాకు నిధి దొరికిందని ప్రకటించింది. కిలోమీటరుకు మించిన లోతు నుంచి యంత్రాలతో తీసిన నాణేలు సుమారు 5,94,000. వాటిని జిబ్రాల్టర్ నుంచి విమానంలో అమెరికాకు తరలించారు. ఓడ పేరేమిటంటే చెప్పలేదు. “నల్ల హంస” అని మారుపేరు పెట్టుకున్నారు.

కంపెనీ వాదన కొట్టిపారేసేది కాదు. నడిసముద్రంలో ప్రమాదంలో పడ్డ సరుకును కాపాడినవాడికి ప్రతిఫలం ఇవ్వాలన్నది నౌకా చట్టాల్లో పూర్వం నుంచీ వున్న ధర్మం. ఆ ఆశ లేకపోతే ప్రాణానికి తెగించి ఎవరు దిగుతారు? సొంతదారు వదిలేసుకున్న వస్తువైతే దొరికినవాడిదే అన్న న్యాయమూ వుంది. మన దేశంలో మాత్రం 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలి. పెరట్లో బిందె దొరికితే గప్‌చుప్‌గా అటక మీద పెట్టుకోవడం నేరమన్నమాట!

స్పెయిన్ కోర్టుకెక్కింది. అది మా యుద్ధనౌక, ఎన్నాళ్ళయినా మాదే, మేము వదులుకోలేదు, పైగా అది మా నావికుల సమాధి అన్నది. వర్తకుల సరుకు కిరాయికి మోసింది కనుక వ్యాపారపు ఓడే అని కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. నౌకాదళపు ఓడ, నౌకాదళపు కెప్టెను. కల్లోలపు రోజుల్లో ప్రజల ధనానికి కాపలా కాయడం నౌకాదళం పనే అన్నది. 2009లో జిల్లా కోర్టు, 2011లో అప్పీలు కోర్టు స్పెయిన్ పక్షానే తీర్పు చెప్పాయి. 2012 ఫిబ్రవరిలో రెండు స్పెయిన్ సైనిక విమానాలు వచ్చి నాణేలను తీసుకుపోయాయి. కంపెనీకి దమ్మిడీ రాలేదు. సరుకుదార్ల వారసులమంటూ వచ్చిన 25 మందికీ ఆ కోర్టులో ఏమీ దక్కలేదు.

ఇంతవరకు నాకు సబబుగానే తోచింది. పేరు దాచి, సమాధి మీది సొమ్ము ఏరుకుపోయినవాడికి బహుమానం ఇమ్మని నేనైతే అనను. కాని మూడో మనిషి ఒకరున్నారు. పెరూ ప్రభుత్వం కూడా వచ్చి, వెండి మా గడ్డది, తవ్విన చేతులు మావి, నాణేలు పోసింది మా ఊళ్ళో అన్నది. కోర్టు దీనికి తీర్పే చెప్పలేదు. అది మీరూ మీరూ తేల్చుకోండి, మేము కలగజేసుకోం అన్నది. ఆఖరి నిమిషంలో సుప్రీంకోర్టు తలుపు తట్టినా పెరూ మాట చెల్లలేదు. చట్టం ఓడ ఎవరిదని అడిగింది. ఓడలోని వెండి ఎలా వచ్చిందని అడగలేదు. ఆ కొండల్లో మూలవాసులచేత తరతరాలు గనుల్లో చాకిరీ చేయించిన సంగతి చరిత్ర చదివినవారికి తెలిసిందే. పుట్టింటి సొమ్మును అత్తవారింటి బీరువాలో పెట్టినంత మాత్రాన అది అత్తవారిదైపోతుందా అని మనలో ఎందరు అడగలేదు!

మునిగి నూరేళ్ళు దాటిన ఓడల సంపదను వ్యాపారానికి వాడరాదని 2001లో యునెస్కో ఒక ఒప్పందం చేసింది. అది 2009 నుంచి అమలులో వుంది. అందులో చేరిన దేశాలకే అది కట్టుబాటు. సొంతదారు ఎవరన్న తగవు మాత్రం అది తీర్చదు.

నాణేలు స్పెయిన్‌లో కార్తహేనా రేవులోని సముద్ర పురావస్తు ప్రదర్శనశాలకు చేరాయి. వాటిలో చాలా నాణేలను చేతిలోకి తీసుకుంటే ఒకవైపు స్పెయిన్ రాజు ముఖం, తిరగేస్తే లిమా టంకశాల ముద్ర కనబడతాయి.