జాకెట్టు గుడ్డ ఖరీదు

మొన్న మా పెద్దవాడు ప్రోగ్రాము రాయడానికి కంపైలరు కావాలంటూ, నేను పులుసుకి తిరగమోత వేసేలోగా ఉచితంగా దింపేసుకున్నాడు. "డబ్బు కట్టక్కర్లేదుట్రా?" అంటే, "దానికి డబ్బేమిటమ్మా!" అని నవ్వాడు.

వాడికేం తెలుసు! 1977లో అమెరికాలో ఆపిల్-2 అనే ఇంటి కంప్యూటరు 1,298 డాలర్లకి వచ్చింది. బేసిక్ అనే భాష అందులోనే ఉండేది. అయితే అది బామ్మగారికి ఇంగ్లీషు ఉత్తరం చదివి చెప్పే మనవడి లాంటిది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ ఒక్కొక్క వాక్యానికీ మళ్ళీ అర్థం చెప్పాలి. కంపైలరు అలా కాదు, ఉత్తరమంతా ఒక్కసారే తెలుగులో రాసి చేతిలో పెడుతుంది. అన్నట్టు, 1952లోనే ఈ విద్యకి శ్రీకారం చుట్టినది గ్రేస్ హాపర్ అనే ఆడమనిషేనండీ!

1979లో ఆపిల్ వాళ్ళు పాస్కల్ భాషని, దానికి కావలసిన మెమరీ కార్డుతో కలిపి, 495 డాలర్లకి అమ్మారు. చీర కొన్నాక జాకెట్టు గుడ్డకి చీర ధరలో మూడోవంతు పైనే పెట్టమంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? విద్య నేర్చుకోవాలన్న ఆశ ఉన్నా, చేతిలో అంత సొమ్ము లేని కుర్రాళ్ళ మాటేమిటి?

1983 నవంబరు 'బైట్' పత్రికలో బోర్లాండ్ అనే కొత్త కంపెనీ ప్రకటన పడింది. టర్బో పాస్కల్, 49.95 డాలర్లు! రాసినవాడు ఆండర్స్ హైల్స్‌బర్గ్ అనే డెన్మార్కు కుర్రాడు. జెడ్-80 కార్డు తగిలించుకుంటే ఆపిల్-2 మీదా నడిచేది.

ఆ ప్రకటన కథ కంపెనీ అధిపతి ఫిలిప్ కాన్ తరువాత తనే చెప్పుకున్నాడు. చేతిలో డబ్బు లేదుట. పత్రిక మనిషి వచ్చేవేళకి ఆఫీసులో కొందర్ని అదనంగా తిప్పి, ఫోన్లు మోగించి, ప్రకటనల పట్టికలో 'బైట్' పేరు కొట్టేసి అతని కంట పడేలా పెట్టాడుట. "మీ పత్రిక మాకు పనికిరాదులెండి" అని మగపెళ్ళివారిలా బెట్టు చేస్తే, అతనే బతిమాలి అరువిచ్చాడుట! 20,000 డాలర్లు వస్తే చాలనుకున్నచోట 1,50,000 వచ్చిందిట.

నాకు ధరకన్నా వాళ్ళ షరతు నచ్చింది. పుస్తకంలా వాడుకోండి, ఎవరికైనా ఇవ్వండి, ఒకేసారి రెండుచోట్ల మాత్రం వాడకండి అన్నారు. మనం వారపత్రికని పిట్టగోడ మీంచి పక్కింటికి అందించినట్టే. నేనిచ్చిన నవల పక్కింటావిడ దగ్గర ఆర్నెల్లుగా ఉంది, అది వేరే సంగతి.