రాట్నం అటకెక్కించకండి

మన పెద్దలు తెలంగాణ జిల్లాల నుండి బతుకుదెరువుకు షోలాపూర్ వచ్చి తరాలు గడిచినయి. ఇక్కడ మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. కొందరు మిల్లులో చేరారు, కొందరు ఇంట్లోనే మగ్గం పెట్టుకుని చీరలు నేసారు. మగవాళ్లు నేస్తుంటే ఆడవాళ్లు రాట్నం మీద కండెలు చుట్టేవారు. తరువాత పవర్‌లూమ్‌లు వచ్చాయి. షోలాపూర్ చద్దర్లకు దేశమంతా పేరొచ్చింది గాని చేతిమగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాయి.

మా అమ్మ 80 దాటినా కండెలు చుట్టడం మానలేదు. "ఇంకెందుకే అమ్మా, ఊకె కూసో" అని నేనే రాట్నం అటక మీద పెట్టించాను. నెల తిరక్కముందే ఆమెకు తిండి తగ్గింది, మాట తగ్గింది. తప్పు తెలుసుకుని రాట్నం దించి ఇచ్చాను. మళ్లీ లేచి కూర్చుంది. మనవరాలికి తెగిన పోగు అతకడం నేర్పింది. ఆ పని కూలి కోసమే కాదని నాకు అప్పుడు తెలిసింది.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. అందుకే 2015 నుండి ఆ రోజు జాతీయ చేనేత దినం జరుపుతున్నాం. పెద్దలకు శాలువా కప్పి ఫొటో తీసుకుంటే చాలదు. ప్రతి సంఘంలో ఒక మగ్గం, రెండు రాట్నాలు వాళ్ల కోసం ఉంచుదాం. పక్కన పిల్లల్ని కూర్చోబెడదాం. ఆ చేతులున్నప్పుడే నేర్చుకోవాలి.