ఎవరూ ఎక్కని గుర్రం

ఈ వరసలో కిందటి భాగం గుడి ప్రవేశాల గురించి రాశాను. ఈసారి గుడి కాదు, గుడి దాకా పోయే దారి. ఆ దారిలో ఎవరు నడిచారు, ఎవరి సొంత గుర్రాలు నడిచాయి, ఆ గుర్రాల ముందు ఎవరు పరుగెత్తారు అన్నదే సంగతి.

పండరిపురం మనకు కొత్త ఊరేం కాదు. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యం ఉంది. నిగమశర్మ అక్క ఘట్టం పాఠం చెప్పని తెలుగు మేష్టారు ఉండడు, నేనూ చెబుతాను. 1957లో వచ్చిన ఎన్టీఆర్ సినిమా మన అమ్మమ్మలకు కంఠతా. పండరి భజనైతే చెప్పక్కర్లేదు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, అడుగుల లెక్క. మా పేటలో మంచి భజన బృందం ఉండేది. మా తాత అందులో ముందు వరస. పాండురంగడి పేరు మీద తెల్లార్లూ ఎగిరేవాళ్లు, ఊళ్లో గుడి మెట్టు మాత్రం ఎక్కేవాళ్లు కాదు. దీన్నొక వింతగా అప్పట్లో ఎవరూ చెప్పుకోలేదు.

అసలు దారి మహారాష్ట్రలో ఉంది. పుణె దగ్గర ఆళంది నుంచి పండరిపురానికి సుమారు 250 కిలోమీటర్లు. ఏటా ఆషాఢ ఏకాదశికి చేరేలా జ్ఞానేశ్వరుడి పాదుకల్ని పల్లకీలో పెట్టుకుని దాదాపు మూడు వారాలు నడుస్తారు. దీన్నే వారీ అంటారు, నడిచేవాళ్లు వార్కరీలు. లక్షల మంది. వాళ్లు దిండీలుగా, అంటే భజన బృందాలుగా, వరస తప్పకుండా సాగుతారు.

ఈ పల్లకీకి ముందు రెండు గుర్రాలు నడుస్తాయి. అవి దేవస్థానానివి కావు. బెళగావి జిల్లా అంకలిలో ఉండే శితోళే సర్దార్ల కుటుంబానివి. వాళ్ల సొంత గుర్రాలు ఏటా అంకలిలో బయల్దేరి, సుమారు 300 కిలోమీటర్లు నడిచి ఆళంది చేరతాయి. అక్కణ్ణించి మళ్లీ పండరిపురం దాకా నడక. అంటే మనుషుల కంటే గుర్రాల యాత్రే పెద్దది. వాటిలో ఒకదాని మీద జెండా పట్టుకున్న రౌతు కూర్చుంటాడు. రెండోదాని మీద జీను ఉంటుంది, అలంకారం ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. అది మావులి గుర్రం. మావులి అంటే తల్లి, జ్ఞానేశ్వరుణ్ణి అలా పిలుచుకుంటారు. ఆయన దాని మీద కూర్చుని వస్తున్నాడని నమ్మకం.

దారిలో కొన్నిచోట్ల రింగణ్ అని జరుగుతుంది. పెద్ద మైదానంలో జనం గుండ్రంగా నిలబడతారు. జెండాలు పట్టుకున్నవాళ్లు, తలమీద తులసి కోట పెట్టుకున్న ఆడవాళ్లు, వీణలవాళ్లు వంతులవారీగా పరుగెడతారు. చివరికి గుర్రాలు. రౌతు గుర్రం ముందు, ఖాళీ గుర్రం వెనక. ఖాళీ గుర్రం వచ్చి దాన్ని అందుకోగానే జనం ఒక్కసారిగా మైదానంలోకి విరుచుకుపడి గిట్టల కింది మట్టి తీసి నుదుట పెట్టుకుంటారు.

ఈ పద్ధతంతా ఇలా కుదిరింది 19వ శతాబ్దంలో. గ్వాలియర్ సింధియాల కొలువులో పనిచేసిన హైబత్‌రావ్ బాబా ఆర్ఫళ్కర్ ఈ పల్లకీకి వ్యవస్థ ఏర్పాటు చేశాడు. గుర్రాలూ డేరాలూ శితోళేల నుంచి వచ్చాయి. అందుకే వారీ చూస్తే భజన గోష్ఠిలాగా ఉంటూనే సైన్యం కదిలినట్టూ ఉంటుంది. బాకా ఊదితే లేవాలి, ఎవరి చోటు వాళ్లది. జ్ఞానేశ్వరుడు మాత్రం 13వ శతాబ్దపు మనిషి. సన్యాసం వదిలి మళ్లీ సంసారంలోకి వచ్చినవాడి కొడుకని బ్రాహ్మణులు వెలేసిన కుటుంబంలోనివాడు. ఇరవై రెండేళ్లు నిండకుండానే సమాధిలోకి వెళ్లాడు. ఆయనకు గుర్రం కావాలనుకున్నది ఆయన కాదు, ఐదు వందల ఏళ్ల తర్వాతి సర్దార్లు. తమ ఇంట్లో ఏది గొప్పో అదే దేవుడికిచ్చారు. దాన్ని నేను తప్పుపట్టను. పేదవాడు తులసిమాల ఇస్తాడు, సర్దారు గుర్రం ఇస్తాడు. కాకపోతే ఆ గుర్రానికి ఊళ్లో అప్పటికే ఒక అర్థం ఉంది. నా గొడవ అక్కడ.

మహారాష్ట్ర పల్లెలో మహర్లకు వతన్ అనే కట్టుబాటు ఉండేది. ఊరికి చేసే చాకిరీకి బదులు కాస్త భూమి, ఇంటింటా అడుక్కునే రొట్టె. ఆ చాకిరీ జాబితాలో గుర్రం ఉంది. ఊళ్లోకి అధికారి వస్తే ఆయన గుర్రం ముందు పరుగెత్తుతూ దారి చూపాలి, దిగాక ఆ గుర్రానికి మేతా నీళ్లూ చూడాలి. దయా పవార్ 1978లో అచ్చేసిన ఆత్మకథ బలుతంలో ఈ పనుల చిట్టా చదివినప్పుడు నాకు మొట్టమొదట తట్టింది ఆ ఖాళీ గుర్రమే. దాని గిట్టల మట్టి లక్షల మందికి పవిత్రం. గుర్రం ముందు పరుగెత్తే మహర్ నీడ మైల. ఒకే జంతువు, ఒకే దుమ్ము.

అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసన మండలిలో ఈ వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టాడు. వతన్ రద్దు చట్టం వచ్చింది 1958లో. అప్పటికి ఆయన లేడు.

మన వైపు గుర్రం బదులు పల్లకీ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. తెలుగు యాత్రాసాహిత్యం ఆయన పుస్తకంతో మొదలవుతుందని క్లాసులో చెబుతాం. పల్లకీ మోసిన బోయీలూ అంత దూరం వెళ్లొచ్చారు. వాళ్ల కాశీయాత్ర చరిత్ర ఏ సిలబస్‌లోనూ లేదు.

మళ్లీ పండరికి వద్దాం. ఆ దారి చివర, గుడి మహాద్వారం ఎదురుగా చోఖామేళా సమాధి ఉంది. 14వ శతాబ్దపు మహర్ కవి. మంగళవేఢలో గోడ కడుతుంటే అది కూలి చనిపోయాడు. కూలి పనిలో చావడం మనవాళ్లకు ఇవాళ్టికీ కొత్త కాదు కదా. విఠల నామం పలుకుతున్న ఎముకల్ని నామదేవుడు గుర్తుపట్టి తెచ్చి గుడి బయట పెట్టాడని కథ. బతికుండగా లోపలికి రానివ్వలేదు, చచ్చాకా మెట్టు దగ్గరే. వార్కరీలు ఆయన అభంగాల్ని ఇన్ని వందల ఏళ్లు పాడి నిలబెట్టారు, అది మరిచిపోతే అన్యాయం. ఒకరి కాళ్లకు ఒకరు మొక్కుకునే సంప్రదాయమూ వాళ్లదే. కానీ ఆ దారిలో స్వయంగా నడిచిన ఇరావతి కర్వే, ఒకే దిండీలో బ్రాహ్మణులూ మరాఠాలూ వేరువేరుగా వండుకు తినడం చూసి బాధపడి రాసింది. దారి ఒకటైనా పొయ్యిలు రెండు. ఇక మహర్ల పొయ్యి ఎక్కడుంటుందో వేరే చెప్పాలా?

అస్పృశ్యులకు ఆ గుడి తలుపు తెరవాలని సానే గురూజీ 1947 మేలో పది రోజులు నిరాహార దీక్ష చేయాల్సి వచ్చింది. స్వాతంత్ర్యానికి ఇంకా మూడు నెలలు. దానికి పన్నెండేళ్ల ముందే రమాబాయి కన్నుమూసింది. పండరి చూడాలని ఆమెకు కోరిక. బయట నిలబడి దణ్ణం పెట్టుకోవాల్సిన చోటికి మనమెందుకు, నీకోసం వేరే పండరి కడతానని అంబేడ్కర్ సర్దిచెప్పాడు. ఆమె పోయింది 1935 మే 27న. నాగ్‌పూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబరు 14న. ఆ రోజుకూ జనం కాలినడకన చాలామందే వచ్చారు.

గుర్రాల కాలం పోయిందిగా అనేవాళ్లుంటారు. 2018 మార్చిలో గుజరాత్ భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ణి చంపేశారు. సొంత గుర్రం ఎక్కి తిరుగుతున్నందుకే చంపారని కుటుంబం చెప్పింది. పెళ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్లు పడే ఊళ్లు, పోలీసు కాపలాతో ఊరేగాల్సిన ఊళ్లు ఉత్తరాదిన ఇప్పటికీ ఉన్నాయి. దేవుడు కూర్చున్నాడంటే ఖాళీ జీనుకు మొక్కుతారు. దాని మీద మన పిల్లాడు కూర్చుంటేనే కళ్లు మండుతాయి.

పాండురంగ మాహాత్మ్యంలో చోఖామేళా ఎందుకు లేడని ఒక విద్యార్థిని అడిగింది. అది పురాణ కథల ప్రబంధం, భక్త కవుల చరిత్ర కాదు అని సాంకేతికంగా సమాధానం చెప్పొచ్చు, చెప్పాను కూడా. ఆ అమ్మాయి ఇప్పుడు చోఖామేళా భార్య సోయరాబాయి అభంగాల మీద సెమినార్ పేపర్ రాస్తోంది. సోయరాబాయి సంగతి వచ్చే భాగంలో.

జై భీమ్.